చింతపండు పెట్టకు

కంటోన్మెంటు వెనక వీధిలో
పాత ఇనప సామాన్ల కొట్టు.
తుప్పుపట్టిన కుట్టుమిషను కాళ్ల కింద,
పగిలిన పంపుసెట్టు గుండెకాయ పక్కన పడుంది.
విరిగిన నాగలి మేడి ముక్కేమో అనుకున్నాను.

"తూకానికే ఇచ్చేస్తాను" అన్నాడు మస్తాను.
తక్కెడలో ఒకవైపు కేజీ రాయి,
ఇంకోవైపు
ఎవరి నడుముకో వేలాడిన కాలం.
ఇనుముకో రేటు, ఇత్తడికో రేటు కట్టి
కర్రకి మాత్రం డబ్బులొద్దన్నాడు.
కర్రలోనే ఉంది
పట్టుకున్న చెయ్యి అరగదీసిన గుంట.
నా బొటనవేలు అందులో సరిగ్గా కూర్చుంది.
అలా మొదలైంది.

గడియారాలు బాగుచేసేవాణ్ణి.
గంటస్తంభం నీడ తిరిగే మేరలోనే నా అద్దాల బల్ల.
పళ్లచక్రాలు తెలుసు, వెంట్రుకంత స్ప్రింగులు తెలుసు,
కాలాన్ని నడిపించడం తెలుసు.
ఆపేసే యంత్రాన్ని విప్పడం ఇదే మొదలు.

లోపలేముంది?
ఒక స్ప్రింగు, ఒక కొక్కెం, ఒక మీట.
నా అలారం టైంపీసు కంటే అమాయకం.
చెకుముకి రాయిని కరిచిపట్టే దవడలు మాత్రం
పళ్లూడిన ముసలాడి నోరల్లే
ఖాళీగా తెరుచుకుని ఉన్నాయి.

రాత్రి బల్లమీద పెట్టి పడుకున్నాను.
తెల్లారి లేచేసరికి మా అత్త బంగారమ్మ
కొళాయి దగ్గర బిందెలతో పాటు దాన్నీ తోమేసింది.
చింతపండు, ఉప్పు, కొబ్బరిపీచు.
"ఏటి బాబూ అలా సూస్తావు?
కిలం పట్టిపోనాది. ఇప్పుడు సూడు, బంగారంనాగ మెరిసిపోతంది!"

మెరుస్తోంది, నిజమే.
పిడి చివర ఇత్తడి టోపీమీద
నిన్న లీలగా కనబడ్డ అక్షరాలు,
పటాలం గుర్తో, మనిషి పేరో,
నీళ్లతో కలిసి
అరటి పాదులోకి పోయాయి.

పోలీసు లైన్లలో తుపాకులు మరమ్మతు చేసి రిటైరైన
సన్యాసప్పడు మాస్టారి దగ్గరికి పట్టుకెళ్లాను.
కళ్లజోడు తుడుచుకున్నాడు. వాసన చూశాడు.
"ముందు గొట్టం. పుల్ల దూర్చి కొలిచి చూడాలి.
ఏనాడో కూరిన మందు అలాగే ఉన్నవి నేను చూశాను,
నిద్రపోయే పాముని తాడనుకోకు.
తరవాత కాగితం. కలెక్టరాఫీసుకెళ్లి అడుగు, రాయించుకో.
మూడోది..."
మెరుస్తున్న ఇత్తడి వంక చూసి
మూడోది చెప్పలేదు.

ట్రంకుపెట్టె తెరిచి రెండు బయటికి తీశాడు.
"ఒకటి పాతది. ఒకటి మొన్న చేసి
పేడకుప్పలో పాతి తీసింది. ఏది ఏదో చెప్పు."
తుప్పు రెంటికీ ఒకేలా ఉంది.
నేను మరలు చూశాను.
ఒకదానివి కవలపిల్లలు,
రెండోదానివి దేని గాడి దానిదే,
ఒక్కోటీ ఒక్కో పూట
ఆకురాయితో రాసినట్టు.
"ఇది" అన్నాను.
ఆయన నవ్వలేదు.
లోపలికి తిరిగి రెండు టీలు అని కేకేశాడు.

కాగితం రాసే గుమస్తా అడిగాడు:
"పేలతాదేటి?"
పేలదండి.
"మరెందుకండీ?"

ఆగిన గడియారం తెచ్చేవాళ్లంతా
మళ్లీ నడవాలంటారు.
ఆగే ఉండాలని నేను కోరుకునే
ఒకే ఒక్క యంత్రం ఇదని
ఫారంలో ఏ గడిలో రాయను?
నేను నసుగుతుంటే
ఉద్దేశం అన్నచోట
అతనే 'సరదా' అని రాసేసుకున్నాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ అత్త అడిగింది:
"దీంతోటి ఎవులినైనా సంపీసినారేటి?"
తెలీదత్తా.
గరిటె కాసేపు గాలిలోనే ఉండిపోయింది.
"అక్షరాలుంటే తెలిసీదా?"
పులుసు కలుపుకుంటూ
లేదన్నాను.

వానాకాలం వెళ్లాక చూస్తే
ఇత్తడి అంచున చిన్న మచ్చ,
పాత తేనె రంగు.
మెత్తటి గుడ్డలో చుట్టి
బీరువా పై అరలో పెట్టాను.
అత్తకి చూపించలేదు.